పాత పదనిధికి కొత్త వాకిలి

గుర్రం అంటే తెలియని తెలుగువాడు ఉండడు. అయినా అంతర్జాలంలో పాతకాలపు నిఘంటువు పుట ఒకటి తెరచి, వెతుకుపెట్టెలో 'గుర్రం' అని కొట్టి చూడండి. 'ఫలితాలు లేవు' అన్న జవాబు వచ్చే అవకాశం చాలా ఉంది. ఆ పుటకు ఆధారం బ్రౌను దొర నిఘంటువైతే అందులో ఇటువంటి నామవాచకాలు 'ము'తో ముగుస్తాయి కనుక గుర్రము అని కొట్టాలి. ఆధారం బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం (1885) అయితే అదీ చాలదు. బండి ఱ పెట్టి గుఱ్ఱము అనాలి. మాట పుస్తకంలో ఉంది, పుస్తకం కంప్యూటరులో ఉంది, వెతికేవాడికి మాత్రం అందలేదు.

1990ల చివర, 2000ల మొదట్లో అంతర్జాలానికెక్కిన నిఘంటువులు, గ్రంథసూచికలు, తాళపత్రాల పట్టికలు చాలా ఉన్నాయి. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వారు దక్షిణాసియా భాషల నిఘంటువులను అంతర్జాలంలో ఉంచినప్పుడు బ్రౌను తెలుగు నిఘంటువు 1903 నాటి కూర్పును, గ్విన్ 1991లో ప్రచురించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును అందులో చేర్చారు. ఆ తరం పుటల వంటివి దేశంలోనూ ఎన్నో విశ్వవిద్యాలయాల మూలల్లో ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా కొత్త పద్ధతిలో తిరిగి కట్టవలసి వస్తున్నది. కట్టేవారు సాధారణంగా కంప్యూటరు చదువు చదివిన యువకులు; పక్కన కూర్చుని ఏమి కావాలో చెప్పవలసినవారు తెలుగు విద్యార్థులు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాక పని చెడుతుంది. ఆ పనిలో ఏమేమి ఉంటాయో, ఎక్కడ పట్టుబట్టాలో సాహిత్య విద్యార్థులకు అర్థమయ్యేటట్లు చెప్పడమే ఇక్కడ మా ఉద్దేశం.

ముందుగా పాత పుట నడిచే తీరు. దాన్ని పాతకాలపు గ్రంథాలయం కౌంటరుతో పోల్చవచ్చు. మీరు చీటీ రాసి ఇస్తారు. గుమాస్తా లోపలికి వెళ్లి బీరువా వెతికి, దొరికినదాన్ని కొత్త కాగితంమీద మొత్తం నకలు రాసి తెచ్చి ఇస్తాడు. చీటీలో ఒక్క అక్షరం మార్చినా మళ్లీ మొదటినుంచి అదే తంతు. ఇక్కడ బీరువా అంటే డేటాబేసు. గుమాస్తా అంటే సర్వరులో ఉండే పెర్ల్ లేదా పి.హెచ్.పి. భాషలో రాసిన చిన్న ప్రోగ్రాము. ప్రతి ప్రశ్నకూ పుటంతా సర్వరులోనే తయారై వస్తుంది. నెమ్మదిగా నడుస్తుందన్న మాటేగాని ఈ ఏర్పాటుకు ఒక గుణముంది: వచ్చిన పుటలో విషయమంతా అక్షరాలా ఉంటుంది, ఎంత పాత యంత్రంలోనైనా చదువుకోవచ్చు.

కొత్త పద్ధతిలో పుటను కట్టే పని సర్వరునుంచి చదువరి చేతిలోని బ్రౌజరుకు మారుతుంది. సర్వరు విషయాన్ని మాత్రం, అలంకారం లేకుండా, పొట్లం కట్టి పంపుతుంది. దాన్ని ఎక్కడ ఎలా చూపాలో బ్రౌజరులోకి ముందే దిగిన ప్రోగ్రాము చూసుకుంటుంది. ఆ ప్రోగ్రామును చేతితో మొదటినుంచి రాయకుండా, సిద్ధంగా ఉన్న చట్రం మీద అల్లుకునే వీలు కల్పించేదే ఫ్రంట్‌ఎండ్ ఫ్రేమ్‌వర్కు. ఫేస్‌బుక్ సంస్థ 2013లో బహిరంగపరచిన రియాక్ట్, ఇవాన్ యు 2014లో విడుదల చేసిన వ్యూ, గూగుల్ వారి ఆంగ్యులర్ ఈ కోవలోవి. వీటన్నిటిలో మూలసూత్రం ఒకటే: పుటను చిన్న చిన్న భాగాలుగా విడగొట్టుకోవడం. నిఘంటువు విషయంలో వెతుకుపెట్టె ఒక భాగం, ఆరోపాల జాబితా ఒక భాగం, ఒక్కొక్క ఆరోపమూ ఒక భాగం. ఆరోపం ఎలా కనబడాలో, అంటే శీర్షపదం, వ్యాకరణ సంజ్ఞ, అర్థాలు, ప్రయోగం ఏ వరసలో ఉండాలో ఒకచోట రాసి పెట్టుకుంటే వేల ఆరోపాలకు అదే వర్తిస్తుంది. మీరు అక్షరం కొట్టేకొద్దీ జాబితా మాత్రమే మారుతుంది. తక్కిన పుట కదలదు.

ఇదంతా బాగానే ఉంది. అయితే ఈ చట్రాల ఆయుర్దాయం సంగతి విద్యార్థులు గమనించాలి. గూగుల్ వారు 2010లో తెచ్చిన మొదటి ఆంగ్యులర్‌జెయస్‌తో ఎందరో పుటలు కట్టుకున్నారు. 2016లో వచ్చిన ఆంగ్యులర్ దానికి పొడిగింపు కాదు, తిరగరాసిన వేరే సరుకు. పాతదానికి ఆదరువు 2021 చివరితో ఆగిపోయింది. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది, ఇప్పటికీ వాడుతున్నాము. పదేళ్ల ఆయుస్సు ఉన్నదాన్ని నూట డెబ్బై ఏళ్ల వస్తువుతో విడదీయరాకుండా అతికించడం తెలివైన పని కాదు. అందుచేత ఏ చట్రం ఎన్నుకోవాలన్న చర్చలో గంటలు గడపడం అనవసరమని మా అభిప్రాయం. ఇంజనీరుకు బాగా వచ్చినది ఏదైనా సరే. పట్టుబట్టవలసింది మరొకచోట: పదాలు, అర్థాలు చట్రానికి సంబంధం లేని సాదా దస్త్రంగా వేరే ఉండాలి. గ్రంథపాఠాలకు గుర్తులు పెట్టడానికి 1987లో మొదలైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ వారి నియమావళిలో నిఘంటువులకే ఒక అధ్యాయం ఉంది. అది మరీ బరువనిపిస్తే గడులు గడులుగా ఉన్న మామూలు పాఠం చాలు. వాకిలి ఎన్నిసార్లు మార్చినా గాదె కదలకూడదు.

ఇక ఆ గాదెలో ఏముందో చూడాలి. పాత డేటాబేసు తెరచినవారికి తెలుగు కనబడదు. వింత గుర్తులు కనబడతాయి. తెలుగుకు యూనికోడ్ స్థానాలు 1991లోనే ఏర్పడినా, 2001లో విండోస్ ఎక్స్‌పితో గౌతమి ఫాంటు వచ్చేదాకా సామాన్యుడి యంత్రంలో అది అక్కరకు రాలేదు. అప్పటిదాకా ఎవరి ఫాంటు వారిది. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు విడివిడి బొమ్మలుగా కూర్చునేవి. వరుస కూడా కంటికి కనబడే వరుసే. 'ర్తు' అన్నదాన్ని ర, కొమ్ము, తావత్తు అని దాచేవారు. యూనికోడ్‌లో ఉచ్చారణ వరుస: ర, పొల్లు, త, కొమ్ము. కనుక ఒక ఫాంటునుంచి మార్చడమంటే ఒక గుర్తుకు ఒక గుర్తు పెట్టడం కాదు. వరుస తిప్పాలి కూడా. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక కావాలి.

రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.యస్. లిప్యంతరీకరణలో దాచిన పాఠాలైతే మార్చడం సులువు, ఎందుకంటే అవి ధ్వనిని పట్టి రాసినవి. అక్కడా ఒక గొయ్యి ఉంది. ఆ పద్ధతిలో చిన్న 'టి' అంటే త, పెద్ద 'టి' అంటే ట. చిన్న 'ఎల్' అంటే ల, పెద్ద 'ఎల్' అంటే ళ. డేటాబేసులు చాలావరకు ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి అక్షరాలకు తేడా చూడకుండా వెతికేటట్లు అమర్చి ఉంటాయి. అప్పుడు పాట, పాత ఒకటే అవుతాయి. కల, కళ ఒకటే అవుతాయి. పాత పుటల్లో సంబంధంలేని మాటలు గుంపుగా వచ్చిపడడానికి కారణం చాలాసార్లు ఇదే.

మరొక చిన్న సంగతి. పాత ఫాంటులో ఒక గుర్తుకు ఒక బైటు చోటు పట్టేది. ఇప్పుడు వాడుకలో ఉన్న యు.టి.ఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కావాలి. 'విశ్వవిద్యాలయము' అన్న మాటలో పొల్లులు, గుణింతాలతో కలిపి 15 సంకేతాలు. అంటే 45 బైట్లు. పాత పట్టికలో శీర్షపదానికి 40 బైట్ల గది కట్టి ఉంటే మాట తోక తెగిపోతుంది. యంత్రం ఒక్కొక్కప్పుడు ఈ సంగతి చెప్పదు కూడా. మార్పిడి అయిన తరువాత పొడుగాటి సమాసాలను వెతికి చూడడం విద్యార్థి చేయవలసిన పని.

ఇప్పుడు గుర్రం దగ్గరికి మళ్లీ వద్దాము. పుస్తకంలోని వర్ణక్రమాన్ని ఎట్టి పరిస్థితిలోనూ దిద్దకూడదు, అది సాక్ష్యం. దాని పక్కన కంటికి కనబడని మరొక గడి చేర్చి, అందులో సడలించిన రూపం ఉంచాలి. ఱ బదులు ర, అరసున్న తీసివేత, చివరి ము, ంబు రెండింటికీ బదులు సున్న. చదువరి కొట్టిన మాటను కూడా ఇదే జల్లెడలో పోసి ఆ గడితో పోల్చాలి. అప్పుడు గుర్రం, గుర్రము, గుఱ్ఱము ఒకేచోట కలుస్తాయి. పాము కాస్తా లోపల 'పాం' అవుతుందే అని భయపడనక్కరలేదు. అది ఎవరికీ కనబడదు, రెండువైపులా అదే మార్పు జరుగుతుంది. అయితే సడలింపు వల్ల నది అనే అర్థంలోని ఏఱు, పోగుచేయు అనే అర్థంలోని ఏరు ఒకే జవాబులో వస్తాయి. రానివ్వండి. కొట్టినదానితో అచ్చంగా సరిపోయినవి ముందు, సడలింపువల్ల వచ్చినవి తరువాత చూపితే చాలు. పరిశోధకులకు 'ఉన్నదున్నట్లు' వెతికే మీట ఒకటి ఇవ్వాలి.

ఈ జల్లెడలో కంటికి కనబడనివి కొన్ని పట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో వత్తు పడకుండా అక్షరాలను విడదీసే అదృశ్య సంకేతం ఉంటుంది. అది ఉన్న మాట, లేని మాట యంత్రానికి వేరువేరు. ఐత్వాన్ని ఒకే సంకేతంగా దాచవచ్చు, ఎత్వమూ దానికింద గుర్తూ రెండుగా దాచవచ్చు; రెండూ కంటికి ఒకటే. వెతకడానికి ముందు వీటిని ఒకే రూపానికి తేవాలి. క్రియల సంగతి ఇంతకంటే కష్టం. రండి, రాలేదు, వస్తాడు అని కొట్టినవారిని 'వచ్చు' దగ్గరికి చేర్చడానికి సూత్రం చాలదు. ఇటువంటి కొద్దిపాటి క్రియలకు చేత్తో పట్టిక రాయడమే మేలు.

గ్రాంథిక వ్యావహారిక వివాదం ముగిసిపోయిందని అనుకుంటాము. 'ము'కు సున్నకు మధ్య అది వెతుకుపెట్టెలో ఇంకా నడుస్తూనే ఉంది. వ్యావహారికంకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన పర్లాకిమిడి ఈనాడు ఒడిశాలో ఉంది. అక్కడి తెలుగు విద్యార్థి ఇంట్లో మాట్లాడే రూపంతో వెతికి శూన్యహస్తాలతో తిరిగిపోకూడదు గదా!

ఇక్కడినుంచి చెప్పేది ప్రత్యేకంగా రాష్ట్రేతర విద్యార్థులకోసం. యానాం విద్యార్థికి ఇప్పటిదాకా చెప్పిన చిక్కులే ఉంటాయి. తక్కినచోట్ల వీటికి తోడు లిపి అడ్డం వస్తుంది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పిల్లలకు తమిళ లిపి చేతికి అలవాటైనంతగా తెలుగు లిపి అలవాటు కావడం లేదు. కోలారులో కన్నడ లిపి, బ్రహ్మపురంలో ఒడియా లిపి, షోలాపూరులో నాగరి. మాట తెలుగే, నోటికి వస్తుంది. ఫోనులో కొట్టడానికి వచ్చిన లిపి వేరు. అమ్మమ్మ వాడిన మాటకు అర్థం అడగడానికి ఆమె లేనప్పుడు, ఊళ్లో తెలుగు మేష్టారు లేనప్పుడు ఆ పిల్లవాడికి మిగిలింది ఈ పుట ఒక్కటే. పుట తెలుగు లిపిలో కొడితేనే తలుపు తీస్తానంటే అతను రెండోసారి రాడు.

ఈ తలుపు తీయడం నిజానికి చాలా తేలిక. భారతీయ లిపులకు యూనికోడ్‌వారు 1988 నాటి ఇస్కీ ప్రణాళికను అనుసరించి, ఒక్కొక్క లిపికి 128 గదుల వీధి ఇచ్చి, అన్ని వీధుల్లోనూ ఒకే ధ్వనిని ఒకే వరుస సంఖ్యలో కూర్చోబెట్టారు. తెలుగు 'క' సంఖ్య 3093. కన్నడ 'క' 3221, అంటే సరిగ్గా 128 ఎక్కువ. తమిళ 'క' 2965, సరిగ్గా 128 తక్కువ. ఒడియా 'క' 2837, నాగరి 'క' 2325. కన్నడంలో కొట్టిన మాటలోని ప్రతి సంకేతంనుంచి 128 తీసివేస్తే తెలుగు మాట వస్తుంది. ఇంజనీరుకు ఇది నాలుగు వరుసల పని.

చిక్కులు లేకపోలేదు, అవి చెప్పవలసింది మీరే. కన్నడంతో దాదాపు ఏమీ లేదు. నాగరిలోనూ ఒడియాలోనూ హ్రస్వ ఎ, ఒ లకు వేరే అక్షరాలు వాడుకలో లేవు. షోలాపూరు పద్మశాలి ఇంటి పిల్ల మగ్గంలోని 'నాడె'ను నాగరిలో కొడితే అది 'నాడే' అయి వస్తుంది. బ్రహ్మపురంలో 'ఎలుక'ను కొడితే 'ఏలుక' అవుతుంది. కనుక ఈ రెండు లిపులనుంచి వచ్చిన ప్రశ్నలకు ఎ-ఏ, ఒ-ఓ తేడా చూడకూడదు. ఒడియాలో 'య' ధ్వనికి వాడే అక్షరానికి ఎదురుగా తెలుగు వీధిలో గది ఖాళీ. దాన్ని ప్రత్యేకంగా 'య'కు పంపాలి. తమిళంలో మరీ తరచుగా వచ్చే రెండో 'న'కు కూడా తెలుగులో జంట గది లేదు. సాదా తీసివేతతో సరిపెట్టుకున్న పుటలో తమిళ లిపి ప్రశ్నలు ఎన్నో ఖాళీగా తిరిగిరావడానికి ఈ ఒక్క అక్షరం చాలు.

తమిళంలో అంతకన్నా పెద్దది మరొకటుంది. క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒకటే. గాడిద 'కాటిత' అయి వస్తుంది. దీనికి మందు మరొక కనబడని గడి: ప్రతి శీర్షపదాన్నీ వర్గానికి ఒక అక్షరంగా కుదించి రాసిపెట్టుకోవడం. అప్పుడు తమిళ లిపిలో గుర్రం కోసం వెతికితే కుర్రవాడు కూడా వెంట వస్తాడు. ఫరవాలేదు, పది మాటల్లో తనది ఏదో తెలుగు తెలిసినవాడు గుర్తుపడతాడు. పక్కన ఉచ్చారణ వినిపించే మీట ఉంటే మరీ మంచిది.

చిరునామాల సంగతి క్లుప్తంగా. ఎంతోమంది తమ సిద్ధాంత వ్యాసాల్లో పాత పుటల చిరునామాలు ఇచ్చి ఉంటారు. కొత్త కట్టడం వచ్చాక అవి చచ్చిపోతే ఆ ఉదాహరణలన్నీ నిరాధారమవుతాయి. ప్రతి ఆరోపానికీ మారని సంఖ్య ఒకటి ఇచ్చి, పాత చిరునామాతో వచ్చినవారిని సర్వరే కొత్తచోటికి పంపేటట్లు అమర్చాలి. మాట మారినప్పుడల్లా చిరునామా కూడా మారాలి; కొన్ని కొత్త పుటల్లో ఎన్ని మాటలు చూసినా పైన చిరునామా ఒకటే ఉంటుంది, అటువంటిదాన్ని ఎవరికీ పంపలేము, వ్యాసంలో ఉదహరించలేము. పైగా బ్రౌజరులోనే కట్టే పుట సర్వరునుంచి వచ్చేటప్పుడు ఖాళీ పెంకు మాత్రమే. చవక ఫోనులో, సన్నని సిగ్నలులో ఆ పెంకు నిండేసరికి చదువరి వెళ్లిపోతాడు. మొదటి పుటను సర్వరులోనే నింపి పంపి, ఆ పైన బ్రౌజరుకు అప్పగించే పద్ధతి ఈ చట్రాలన్నిటిలోనూ ఉంది. అడగకపోతే చేయరు, అంతే.

చివరగా, కొత్త రూపం దిద్దేవారికి చిందరవందరగా కనబడి తీసివేయాలనిపించే గడి ఒకటుంది: మాట ఏ ప్రాంతానిది అన్న సంక్షిప్త గుర్తు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం సంపుటాలు, వ్యవసాయం (1962), చేనేత (1971), ఏ మాట ఎక్కడ వినబడిందో చెప్పబట్టే విలువైనవి అయ్యాయి. ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ పరిధిలో జరిగింది. హోసూరు రైతు మాట, షోలాపూరు మగ్గం మాట చేరవలసిన గడి ఇదే. దాన్ని తీసివేయనివ్వకపోవడమే కాదు, మండలం పేరు దాకా విస్తరింపజేయాలి. చదువరి తన ఊరి మాట పంపడానికి, సంపాదకులు చూసి ఒప్పుకున్నాక అది చేరడానికి దారి పెట్టాలి. అలా చేరినదాన్ని మూల గ్రంథంలోని ఆరోపాలతో కలపకుండా వేరే రంగులో చూపడం కొత్త చట్రంలో క్షణాల పని.

పని పూర్తయిందని ఇంజనీరు చెప్పిన రోజున ఒక చవక ఫోను తీసుకోండి. గుర్రం, ఏరు, పాట, నాడె, ఎలుక, గాడిద అన్న ఆరు మాటలను తెలుగులోనూ, మీ రాష్ట్ర లిపిలోనూ కొట్టి చూడండి. ఒక పాత సిద్ధాంత వ్యాసంలోంచి చిరునామా ఒకటి తీసి అదీ తెరవండి. వీటిలో ఏది దొరకకపోయినా పాత పుటను అప్పుడే మూయనివ్వకండి.